హాల్లో అక్వేరియం, సెల్లార్‌లో సంపు: పైకి తోసే పంపు ఎలా ఎంచుకోవాలి?

పంపు పెట్టె మీద "గంటకు 10,000 లీటర్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె చూసి కొనకండి. నీళ్లను ఒక్క అడుగు కూడా పైకి ఎత్తే పని లేనప్పుడు వచ్చే అంకె అది. అక్వేరియం స్టాండు కిందే సంపు (అక్వేరియం నీళ్లు దిగి, శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకెక్కే రెండో తొట్టి) పెట్టుకున్నవాళ్లకు ఎత్తాల్సింది నాలుగైదు అడుగులే కాబట్టి ఎలాగో నడిచిపోతుంది. సంపు సెల్లార్‌లో ఉండి, అక్వేరియం పైన హాల్లో ఉంటే పన్నెండు, పద్నాలుగు అడుగులు ఎత్తాలి. అక్కడ ఆ పదివేల లీటర్ల పంపు సన్నటి ధార పోస్తుంది, కొన్నయితే అసలేమీ పోయవు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పైపులో సగం దాకా ఎక్కి నిలబడిపోతాయి.

నెల్లూరు తీరం వెంబడి రొయ్యల హేచరీలకు మోటార్లు, పైపులైన్లు బిగించడం నా పని. ఉప్పునీళ్లు, రాత్రీపగలూ ఆగకూడని పంపులు, కరెంటు పోతే ప్రాణం మీదికొచ్చే సీడు (రొయ్యపిల్లలు). ఇంట్లో అక్వేరియానికి వచ్చే సమస్యలే అక్కడ పెద్ద సైజులో ఉంటాయి. నెల్లూరు మాగుంట లేఔట్‌లో మా అక్కయ్య వాళ్లింట్లో బావగారు ఆరడుగుల సముద్రపు అక్వేరియం పెట్టాలనుకున్నప్పుడు అక్కయ్య ఒకటే మాట చెప్పింది: "ఒరే, చూడ్డానికి చేపలుండనీ, ఆ మోటార్ల మోత మాత్రం నా హాల్లో వద్దు." అందుకే సంపు, నురగతో మురికి తీసే స్కిమ్మర్, నీళ్లు చల్లబరిచే చిల్లర్ అన్నీ సెల్లార్‌లోకి దించాం. ఆ ఇంటి లెక్కే ఇక్కడ చెబుతాను. మీ ఇంటి కొలతలు పెట్టుకుని ఇదే పద్ధతిలో చేసుకోండి.

ముందు ఎన్ని నీళ్లు కావాలో తేల్చుకోవాలి. ఆ ట్యాంకు పొడవు 6 అడుగులు, వెడల్పు 2, ఎత్తు 2. మొత్తం 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 680 లీటర్లు. ట్యాంకు నీళ్లు గంటకు మూడు నుంచి అయిదు సార్లు సంపులోంచి తిరిగొస్తే చాలు. మేం నాలుగు సార్లు అనుకున్నాం, అంటే గంటకు 2,700 లీటర్లు. పదిసార్లు తిరగాలి, ఇరవై సార్లు తిరగాలి అని చెప్పేవాళ్లుంటారు. పగడాలకు బలమైన ప్రవాహం కావాల్సిన మాట నిజమే, కానీ దాన్ని ట్యాంకు లోపల పెట్టే చిన్న వేవ్‌మేకర్లతో తెచ్చుకోవాలి. అవి నీళ్లను ఎత్తవు, అక్కడికక్కడే తిప్పుతాయి, అందుకే కొద్ది కరెంటుతోనే పనైపోతుంది. అదే ప్రవాహం కోసం సెల్లార్ నుంచి నీళ్లు తోడటం డబ్బు తగలేయడం.

తర్వాత ఎత్తు. టేపు పట్టుకుని సెల్లార్‌లో సంపు నీటిమట్టం దగ్గర మొదలుపెట్టి, హాల్లో అక్వేరియం నీటిమట్టం దాకా నిలువుగా కొలవండి. పంపు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు, నీటిమట్టం నుంచి నీటిమట్టానికే కొలత. మా అక్కయ్య ఇంట్లో అది 13 అడుగులు, అంటే సుమారు 4 మీటర్లు. మెట్ల దగ్గర ఒకసారి, గోడ పక్కన ఒకసారి కొలిచి సరిచూసుకోండి. స్లాబు మందం, పైన టైల్స్ కింద వేసిన బెడ్డు మర్చిపోతే అరడుగు తేడా వచ్చేస్తుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "పైనుంచి నీళ్లు కిందికి దిగుతున్నాయి కదన్నా, ఆ బరువే ఈ నీళ్లను పైకి నెట్టదా? పంపుకు ఏం కష్టం?" నెట్టదు. కానిస్టర్ ఫిల్టర్‌లో అలాగే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ పైపులు, డబ్బా అన్నీ మూసి ఉంటాయి, దిగే నీళ్లూ ఎక్కే నీళ్లూ తూకం అవుతాయి. సంపు పైన తెరిచి ఉంటుంది. దిగిన నీళ్ల బలమంతా సంపులో పడగానే అయిపోయింది. మళ్లీ మొదటి అడుగు నుంచి పంపే ఎత్తుకోవాలి.

ఇక పైపు. పంపు గురించి గంటలు గంటలు ఆలోచించి, పైపు మాత్రం చేతికందింది వేసేస్తారు. నా ఉద్దేశంలో డబ్బు బాగా పనిచేసేది పైపు దగ్గరే. పైపు సన్నగా ఉంటే నీళ్లు గోడలను రాసుకుంటూ పోయి, ఆ రాపిడి అదనపు ఎత్తులాగా పంపు నెత్తిన పడుతుంది. అక్కయ్య ఇంట్లో నిలువూ అడ్డం కలిపి పైపు ఆరున్నర మీటర్లు. ఎల్బోలకు కూడా లెక్క కట్టాలి, ఒక్కొక్కటీ దాదాపు మీటరు పైపుతో సమానం. మొత్తం పది మీటర్ల తిన్నని పైపు అనుకుందాం. అందులో గంటకు 2,700 లీటర్లు పోతున్నప్పుడు, లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్ల ముప్పావు ఇంచు పైపైతే రాపిడికే 3 మీటర్లు పోతుంది. 25 మిల్లీమీటర్ల ఇంచు పైపులో 1 మీటరు. 32 మిల్లీమీటర్ల ఇంచుంపావులో 30 సెంటీమీటర్లు. ఇంచున్నరలో 10 సెంటీమీటర్లే. అంటే ముప్పావు ఇంచు వేస్తే పంపు 7 మీటర్లు ఎత్తుతున్నట్టు లెక్క, ఇంచుంపావు వేస్తే 4.3 మీటర్లు. ఇంత తేడా కొద్దిపాటి పైపు ఖర్చుతో వస్తోంది. ఆ పైన ప్రవాహం రెట్టింపు చేస్తే రాపిడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. అందుకే "ఎందుకైనా మంచిది, పెద్ద పంపు పెడదాం" అన్నవాళ్లు సన్న పైపుతో ఏమీ సాధించలేరు.

మేం ఇంచుంపావు వేశాం. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: పొలాలకు వాడే పీవీసీ పైపుల సైజు మిల్లీమీటర్లలో బయటి వ్యాసానికి చెబుతారు, ఇంటి ప్లంబింగ్ పైపులకు ఇంచుల్లో చెబుతారు. 32 అని తెచ్చుకున్న పైపులో లోపల 32 ఉండకపోవచ్చు. షాపులోనే ముక్క చేతిలోకి తీసుకుని స్కేలు లోపల పెట్టి చూడండి. పంపు నోరు ముప్పావు ఇంచే ఉన్నా సరే, పంపు దాటగానే రెడ్యూసర్‌తో పెద్ద సైజుకు మారిపోవాలి. వంపులు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. తప్పనిచోట ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వేయండి.

ఇప్పుడు కావాల్సిందేమిటో మాటల్లో చెప్పగలం: 4.3 మీటర్ల హెడ్డు (రాపిడి కూడా కలుపుకుని పంపు ఎత్తాల్సిన ఎత్తు) దగ్గర గంటకు 2,700 లీటర్లు. పంపు కొనడానికి ఈ ఒక్క వాక్యం చాలు. షాపుకు వెళ్లి ఇదే అడగండి. కంపెనీవాళ్లు ప్రతి పంపుకూ ఒక గీత గీసి ఇస్తారు, ఒక పక్క హెడ్డు, ఇంకో పక్క డిశ్చార్జి, అంటే గంటకు వచ్చే నీళ్లు. ఆ గీతలో 4.3 దగ్గర వేలు పెట్టి చూస్తే మీకు వచ్చే నీళ్లు తెలుస్తాయి. ఆ గీత ఇవ్వని పంపును సెల్లార్ పనికి తీసుకోవద్దనే చెబుతాను. గీత దొరక్క పెట్టె మీద గరిష్ఠ హెడ్డు మాత్రమే ఉంటే, మోటుగా ఇలా అనుకోవచ్చు: ఆ హెడ్డులో సగం ఎత్తు దగ్గర పెట్టె మీది లీటర్లలో సగానికి కాస్త అటూఇటూ వస్తాయి. ఈ లెక్కన గరిష్ఠ హెడ్డు 5 మీటర్లున్న 10,000 లీటర్ల పంపు మనకు దండగ, గరిష్ఠ హెడ్డు 9 మీటర్లున్న 6,000 లీటర్ల పంపు సరిగ్గా సరిపోతుంది. చిన్న అంకె ఉన్న పంపే ఎక్కువ నీళ్లు ఇస్తుందంటే నమ్మబుద్ధి కాదు, కానీ సెల్లార్‌లో జరిగేది అదే. కూలర్ పంపులతో ప్రయోగాలు అసలు వద్దు, అవి ఆరేడడుగులకే చేతులెత్తేస్తాయి.

అమెరికా కాగితాలు చూసేవాళ్లకు ఇంకొక మాట. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మామూలు ఏసీ పంపు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. దాంతో నీళ్లు 83 శాతానికి, హెడ్డు ఏకంగా 69 శాతానికి పడిపోతాయి. అక్కడి కాగితంలో 6 మీటర్లున్న పంపు మన దగ్గర 4 మీటర్ల చిల్లరకే ఆగిపోతుంది. 50 హెర్ట్జ్‌కు గీసిన గీత ఉందేమో చూసుకోండి. గ్యాలన్లలో ఉంటే 3.785తో గుణించండి.

డీసీ పంపులు ఈమధ్య బాగా వస్తున్నాయి. కరెంటు తక్కువ తింటాయి, చప్పుడుండదు, కంట్రోలర్‌తో వేగం తగ్గించుకోవచ్చు. బాగానే ఉంటుంది గానీ, ఆ వేగం తగ్గించే బటనే సెల్లార్ సంపుకు ప్రమాదం. పంపు వేగం తగ్గితే హెడ్డు దానికి వర్గంగా తగ్గుతుంది. 9 మీటర్ల పంపును 70 శాతం వేగంలో పెడితే హెడ్డు 4.4 మీటర్లకు దిగుతుంది. మనం ఎత్తాల్సిందే 4 మీటర్లు, ఇక మిగిలేదేముంది? 65 శాతానికి దించితే 3.8. నీళ్లు అక్వేరియం అంచు దాకా కూడా రావు. ఇంపెల్లర్ (పంపు లోపల నీళ్లను తోసే రెక్కల చక్రం) అవే నీళ్లను చిలుకుతూ వేడెక్కుతుంటుంది, పైన చూసేవాళ్లకేమో పంపు నడుస్తున్నట్టే ఉంటుంది. కంట్రోలర్‌లో పది మెట్లున్నా మీకు పనికొచ్చేవి పై రెండు మూడే అనుకుని కొనుక్కోండి. ఇంట్లో పిల్లలు నొక్కకుండా కంట్రోలర్‌ను ఎత్తుగా బిగించండి. సంపు మీది ఉప్పు తేమ తగలని చోట బిగించండి, అది తగిలితే లోపలి బోర్డు తొందరగా పోతుంది.

మునిగి ఉండే పంపా, బయట పెట్టే పంపా? హాల్లో అయితే చప్పుడు వల్ల ముంచేదే దిక్కు. సెల్లార్‌లో ఆ ఇబ్బంది లేదు కాబట్టి నేను బయట పెట్టే మ్యాగ్నెటిక్ డ్రైవ్ పంపు వైపే మొగ్గుతాను. కారణం మన ఎండలు. నీళ్లలో మునిగిన పంపు తినే కరెంటు దాదాపు మొత్తం వేడిగా ఆ నీళ్లలోనే కలుస్తుంది. మే నెలలో నెల్లూరు నలభై దాటిన రోజున చిల్లర్ ఇప్పటికే రొప్పుతుంటే, పంపు వేడి కూడా దాని నెత్తిన వేయడం ఎందుకు? బయటి పంపు మోటారు వేడి గాలిలోకి పోతుంది. మ్యాగ్నెటిక్ డ్రైవ్‌లో షాఫ్ట్ సీలు ఉండదు, అయస్కాంతమే ఇంపెల్లర్‌ను తిప్పుతుంది, కాబట్టి సీలు అరిగి ఉప్పునీళ్లు మోటారులోకి పోయే భయం లేదు. జపాన్ ఇవాకీ పంపులకు ఈ పనిలో పేరుంది. మునిగేవాటిలో ఇటలీ సిక్సే, జర్మనీ ఎహీమ్, చైనా జేబావో మన దగ్గర దొరుకుతాయి. ఏ కంపెనీ అయినా 4.3 మీటర్ల దగ్గర వేలు పెట్టి చూడటం మాత్రం మానొద్దు.

బయటి పంపుకు సంపు గోడకు రంధ్రం చేసి పైపు తీస్తారు. పంపు సంపు నీటిమట్టం కంటే కిందే ఉండాలి, నీళ్లు వాటంతటవే వచ్చి పంపులో నిండాలి. లోపలికి వచ్చే పైపు పంపు నోటికంటే ఒక సైజు పెద్దదిగా, పొట్టిగా ఉండాలి. ప్రవాహం తగ్గించుకోవాలంటే బయటికెళ్లే పైపు మీది వాల్వ్ తిప్పండి. లోపలికొచ్చే పైపును ఎప్పుడూ నొక్కిపెట్టకండి. నీళ్లు అందని ఇంపెల్లర్ గులకరాళ్లు కలిపినట్టు చప్పుడు చేస్తూ తొందరగా అరిగిపోతుంది. రెండు వైపులా బాల్ వాల్వ్, యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) బిగిస్తే శుభ్రం చేయడానికి పంపు ఒక్కటే ఊడదీసుకోవచ్చు.

ఇంటి సంపుకు వాడే అర హెచ్‌పీ మోనోబ్లాక్ వేసేద్దామని మా బావగారూ అన్నారు. నీళ్లు బ్రహ్మాండంగా ఎత్తుతుంది, అందులో సందేహం లేదు. కానీ అందులో చాలావాటికి ఇంపెల్లర్ ఇత్తడిది, బాడీ పోత ఇనుముది. ఉప్పునీళ్లకు ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడిలోని రాగి నీళ్లలోకి దిగుతుంది. రాగి కొంచెం దిగినా పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం. హేచరీలో సముద్రపు నీళ్లు ముట్టే చోట ఇత్తడి కనిపిస్తే నేను మొదట దాన్నే తీయిస్తాను. స్టీలైనా 304 రకం ఉప్పునీళ్లలో మచ్చలు పడుతుంది, 316 కొంత నయం, అన్నిటికంటే ప్లాస్టిక్, సిరామిక్ మేలు. పైగా ఆ మోనోబ్లాక్ 600 వాట్ల దాకా లాగితే నెలకు 430 యూనిట్లు. మనకు కావాల్సిన పనికి 100 వాట్ల మంచి పంపు సరిపోతుంది, దానికి నెలకు 72 యూనిట్లు. ఫ్రిజ్జు, ఏసీలు ఉన్న ఇంట్లో ఈ తేడా బిల్లును పై స్లాబులోకి తీసుకుపోతుంది.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందన్నది పంపు కొనకముందే ఆలోచించాలి. పంపు ఆగగానే పైపులోని నీళ్లు కిందికి దిగుతాయి, వాటి వెంట అక్వేరియం నీళ్లు కూడా వెనక్కి లాగబడతాయి. నీళ్లు పోసే మూతి ఎంత లోతులో మునిగి ఉంటే అంత దాకా లాగేస్తుంది. ఆ ట్యాంకులో ఒక అంగుళం నీళ్లంటే 28 లీటర్లు. రెండంగుళాలు దిగితే 57, పైపుల్లో ఉన్నవి కలిపి 70 లీటర్లు అనుకోండి. సంపు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉంటే అందులో అయిదంగుళాలు పెరుగుతుంది. అందుకే పైన ఆరేడంగుళాలు ఖాళీ వదలాలి. మూతి దగ్గర, నీటిమట్టానికి కొంచెం కిందగా చిన్న రంధ్రం వేస్తే గాలి లోపలికి పోయి లాగడం ఆగిపోతుంది. నాచు పట్టి ఆ రంధ్రం మూసుకుపోతుంటుంది, పళ్లపుల్లతో పొడుస్తుండండి. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒక చిన్న నత్త దాని మూతలో ఇరుక్కుంటే చాలు, రాత్రంతా నీళ్లు సెల్లార్‌లోకి కారతాయి.

దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. దిగే పైపు మూసుకుపోయి పంపు మాత్రం నడుస్తుంటే, సంపులో పంపు ఉన్న గదిలోని నీళ్లన్నీ హాల్లోకి ఎక్కుతాయి. ఆ గదిలో 60 లీటర్లుండి, అక్వేరియంలో పైన ఖాళీ ఒక్క అంగుళమే ఉంటే 30 లీటర్లు అక్కయ్య సోఫా కిందికి పోతాయి. పంపు గది చిన్నదిగా కట్టించండి, దిగే పైపు పక్కనే అత్యవసరానికి రెండో పైపు ఖాళీగా ఉంచండి, అక్వేరియం పైన ఫ్లోట్ స్విచ్ పెట్టి అది లేస్తే పంపు ఆగేలా వైరింగ్ చేయించండి.

సెల్లార్ అంటే మన జిల్లాలో వరద మాట కూడా చెప్పుకోవాలి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకే నీళ్లొచ్చాయి, సెల్లార్ల సంగతి చెప్పేదేముంది? సంపును నేల మీద కాకుండా ఇటుకల దిమ్మె మీద పెట్టండి. ఎత్తు పెరిగినంత పంపుకు హెడ్డు కూడా తగ్గుతుంది, రెండు విధాలా లాభం. ప్లగ్గులు, కంట్రోలర్, స్టెబిలైజర్ అన్నీ భుజం ఎత్తుకు పైనే ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి వెళ్లేముందు కిందికి వంగి పైకెక్కాలి, అప్పుడు తడి కారినా ప్లగ్గులోకి పోదు. ఈ లైనుకు కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఉప్పునీళ్ల దగ్గర చెయ్యి పెట్టే పని ఇది, దీని దగ్గర ఖర్చు చూసుకోవద్దు.

పంపుతోపాటే ఒక ఇంపెల్లర్, ఓరింగులు (రబ్బరు వలయాలు) అదనంగా కొని పెట్టుకోండి. నెల్లూరులో అవి దొరక్క చెన్నై కొళత్తూరు చేపల బజారుకు పరుగెత్తాల్సి వస్తుంది. వెళ్లి వచ్చేలోగా ట్యాంకులో ఆక్సిజన్ అయిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి హాల్లో సిద్ధంగా ఉండాలి.

బిగించాక మంచినీళ్లతో నింపి పరీక్షించండి. పంపు నడుస్తుండగా మెయిను ఆపేసి, సంపులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చూడండి. మళ్లీ వేయండి, పంపు గాలి పట్టకుండా తనంతట తాను ఎత్తుకుందా లేదా చూడండి. అంతా సరిపోయాక, పంపు నడుస్తున్నప్పుడున్న నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఆ గీత దాటి ఎవరూ నీళ్లు పోయకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

నిజంగా ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలుసుకోవడానికి పైకి ఎక్కక్కర్లేదు. మట్టాలు నిలకడగా ఉన్నప్పుడు ఎన్ని ఎక్కుతున్నాయో అన్నే దిగుతుంటాయి. దిగే పైపు మూతి కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్‌లో టైము చూడండి. 27 సెకన్లలో నిండితే గంటకు సుమారు 2,700 లీటర్లు. ఆ సెకన్లు సెల్లార్ గోడ మీద తేదీతో రాసి పెట్టుకోండి. నెలకోసారి ఇదే కొలత తీయండి. 27 కాస్తా 32, 33 అయిందంటే పంపులో సున్నం పట్టింది. ఊడదీసి, బకెట్ నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఇంపెల్లర్, మూత అందులో ఒక గంట నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి, ఓరింగుకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి బిగించండి.